చిన్నీకి, స్టార్ గుర్తు కొట్టే ముందు

చిన్నీ,

ఒక సహకార సంఘం పాత ఫాక్స్‌ప్రో డేటాబేస్ ఫైళ్లన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి మార్చే పని నీకు అప్పగించారని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మను నిద్రలేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. "ఫీల్డులు వందకు పైగా ఉన్నాయట అన్నయ్యా, పేర్లన్నీ టైపు చేయకుండా ప్యాటర్న్ పెట్టి లాగేస్తానంటోంది" అన్నాడు వాడు. ప్యాటర్న్ అంటే పేరులో ఒక ముక్క రాసి, మిగతా చోట స్టార్ లాంటి గుర్తు పెట్టడమే కదా. నా మనసు అక్కడే ఆగిపోయింది.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. బ్యాకప్ తీసుకో. డేటా ఉండే డీబీఎఫ్ ఫైలు పక్కన అదే పేరుతో ఎఫ్‌పీటీ ఫైలు ఉంటే అదీ తెచ్చుకో, పొడుగు రాతలు పెట్టుకునే మెమో ఫీల్డుల రాతంతా దాంట్లోనే ఉంటుంది. డిలీట్ గుర్తు పెట్టిన రికార్డులు ప్యాక్ కమాండ్‌తో పూర్తిగా తీసేసేదాకా ఫైల్లోనే ఉంటాయి, అవి కలిసి వచ్చేయకుండా చూసుకో.

1997 ఏప్రిల్. నేనప్పుడు ఒక చక్కెర ఫ్యాక్టరీలో జీతాల సెక్షన్‌లో ప్రోగ్రామర్ని. డాస్ మీద ఫాక్స్‌ప్రో 2.6. కొత్త ఆర్థిక సంవత్సరానికి కొత్త ఫైలు కట్టాలి. జీతంలో కోతల ఫీల్డులన్నీ డీఈడీ, దాని తర్వాత అండర్‌స్కోర్‌తో మొదలయ్యేవి. పీఎఫ్‌కి ఒకటి, ఎల్‌ఐసీకి ఒకటి, అలా. అందుకని ఉద్యోగి నంబరుతో పాటు "ఫీల్డ్స్ లైక్ డీఈడీ_*" అని కాపీ కమాండ్ కొట్టాను. స్టార్ అంటే ఆ తర్వాత ఏ అక్షరాలున్నా సరే అని. వచ్చిన ఫైలును కొత్తదాంట్లోకి అపెండ్ చేశాను, అంటే చేర్చాను. ఒక్క ఎర్రరూ రాలేదు. రికార్డుల సంఖ్యా సరిపోయింది. పొద్దు ఉండగానే ఇంటికొచ్చి మీ నాన్నతో కూర్చుని టీ తాగాను.

సొసైటీ అప్పు కోసే ఫీల్డు పేరు మాత్రం ఆ వరసలో లేదు. డీబీఎఫ్‌లో ఫీల్డు పేరు 10 అక్షరాలు దాటకూడదు. డీఈడీ, అండర్‌స్కోర్, సాక్, లోన్ కలిపి ఇంగ్లిష్‌లో రాస్తే 11. నాకంటే ముందు పనిచేసినాయన ఒక అక్షరం తగ్గించడానికి అండర్‌స్కోర్ తీసేశాడు. అందుకే నా ప్యాటర్న్‌కు అది చిక్కలేదు. కొత్త ఫైల్లో ఆ ఫీల్డు ఉంది కాబట్టి జీతాల ప్రోగ్రాం ఆగలేదు. అపెండ్ చేసినప్పుడు పేరు కలవని ఫీల్డు ఖాళీగా ఉండిపోతుంది, లెక్కలో అది సున్నా. నాలుగు నెలలు ఎవరి జీతంలోనూ అప్పు వాయిదా కోత పడలేదు.

ఆగస్టులో సొసైటీ లెక్కలు చూస్తుంటే బయటపడింది. పాత నాలుగు వాయిదాలూ, ఆ నెలదీ కలిపి ఒకేసారి కోసెయ్యమన్నారు. కోసే ప్రోగ్రామూ నేనే రాశాను. జీతాలిచ్చిన మర్నాడు బాయిలింగ్ హౌస్‌లో పనిచేసే ఒక పెద్దాయన స్లిప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. 450 ఉండాల్సిన చోట 2,250 ఉంది. ఇంట్లో కూతురు పురిటికి వచ్చి ఉందట. ఆయన కోప్పడలేదు. స్లిప్పు మడత విప్పి, ఆ అంకె మీద వేలు పెట్టి, "బాబూ, నేనేమన్నా తప్పు చేశానా?" అన్నాడు. ఆ వేలికి మొలాసిస్ మరక ఉంది. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "పైవాళ్ల ఆర్డరండీ" అన్నాను. చిన్నీ, ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ప్యాటర్న్ తెచ్చినవాటిని ఎలాగూ చూసుకుంటావు. వదిలేసినవాటి లిస్టు కూడా తీసి, ఒక్కో పేరూ పైకి చదువు. ఫాక్స్‌ప్రోలో లైక్ బదులు ఎక్సెప్ట్ పెడితే ఆ మిగిలినవే వస్తాయి. డబ్బు ఫీల్డు ప్రతిదానికీ పాత ఫైల్లో మొత్తం, కొత్త టేబుల్లో మొత్తం పక్కపక్కన వేసుకో. ఆ రోజు నేను ఈ పని చేసి ఉంటే సున్నా కళ్లెదుటే కనపడేది.

పోస్ట్‌గ్రెస్‌లో ఫీల్డును కాలమ్ అంటారు. డేటా తీసే సెలెక్ట్ కమాండ్ దగ్గర కాలమ్ పేర్లకు ప్యాటర్న్ కుదరదు, కాలమ్ పేర్లన్నీ ఉండే ఇన్ఫర్మేషన్ స్కీమాలో వెతికి లిస్టు కట్టుకోవాలి. అక్కడ లైక్‌లో స్టార్ ఉండదు, పర్సెంట్ గుర్తు. అండర్‌స్కోర్ అంటే ఏదో ఒక అక్షరం అని అర్థం. మాకు అది ఉత్త గీతే, ఒక్క అక్షరానికి ప్రశ్నార్థకం వాడేవాళ్లం. కాబట్టి నా ప్యాటర్న్‌నే స్టార్ బదులు పర్సెంట్‌తో అక్కడ రాస్తే నాకు చిక్కని ఫీల్డూ వస్తుంది, డీఈడీతో మొదలయ్యే అక్కర్లేనివీ వస్తాయి. అచ్చంగా గీతే కావాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టు. లైక్ ఇంగ్లిష్ పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ వేరుగా చూస్తుంది, ఆ తేడా వద్దంటే దాని బదులు ఐలైక్ వాడు.

కాలమ్స్ తీసేసేటప్పుడు మాత్రం ప్యాటర్న్ జోలికి పోవద్దు. డ్రాప్ అని రాసిన ప్రతి పేరూ నీ చేత్తో టైపు చెయ్. చాదస్తం అనుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో నా మాట విను. నా ఆఫీసుకొచ్చి ప్రింటరు కాగితాల చిల్లుల అంచులు చింపి గొలుసులు చేసుకునేదానివి, నా కళ్లకు ఇంకా ఆ పిల్లవే.

మీ ఆఫీసులో ఒప్పుకుంటే ఫీల్డు పేర్ల లిస్టు నాకు పంపు. పేర్లు చాలు, లోపలి డేటా వద్దు. కళ్లద్దాలు పెట్టుకుని అక్షరాలు లెక్కపెడతాను. కుదించిన పేర్లు ఉంటే ఎక్కువగా అక్కడే ఉంటాయి కాబట్టి, సరిగ్గా 10 ఉన్నవాటి కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పంపుతాను.

నీ పెదనాన్న