టెక్ సందేహాలు: రెండున్నర ఎకరాలు పదిన్నర ఎలా అయింది?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పల్లెలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. అభ్యాసాలు నా వెబ్ పేజీలో పెడుతుంటాను. 'రెండున్నర ఎకరాల కొబ్బరితోట' లెక్కని ఫైల్లోంచి కాపీ చేస్తే పేజీలో 21/2 అని పడింది. పిల్లలంతా పదిన్నర ఎకరాలని చేసుకొచ్చారు. పుస్తకంలోలా గీతకు పైనా కిందా అంకెలు రావాలంటే ఏం చేయాలి?

జవాబు: పిల్లల తప్పేం లేదు మాస్టారూ, 21/2 అంటే పదిన్నరే కదండీ! భిన్నాన్ని ఫొటో తీసి పెట్టే పని మాత్రం చేయకండి. చూపులేని పిల్లలకు ఫోన్ ఆ ఫొటోలోని భిన్నాన్ని చదివి వినిపించలేకపోవచ్చు.

లెక్కలు రాయడానికే మ్యాథ్‌ఎంఎల్ అనే మార్కప్ ఉంది, అంటే ఏది ఎలా కనిపించాలో బ్రౌజర్‌కు చెప్పే గుర్తుల భాష. ముందు 'మ్యాథ్' ట్యాగ్ (< > గుర్తుల మధ్య రాసే పేరు) తెరవండి. లోపల 'ఎంఎన్' ట్యాగ్‌లో 2 రాయండి. దాని పక్కనే 'ఎంఫ్రాక్' తెరిచి, అందులో ఒక 'ఎంఎన్'లో 1, మరో 'ఎంఎన్'లో 2 పెట్టండి. తెరిచినవన్నీ మూసేయండి. ట్యాగ్ పేర్లు ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. ఎంఫ్రాక్ అంటే ఎం, ఎఫ్, ఆర్, ఏ, సీ. అందులో మొదట రాసింది లవం, తర్వాతది హారం. గీత బ్రౌజరే గీస్తుంది.

చాలామంది తడబడేది ఒక్కచోట. ఎంఫ్రాక్‌లో సరిగ్గా రెండే ఉండాలి. లవంలో 3 + 5 ఉందనుకోండి, అవి విడివిడిగా మూడు ముక్కలు. హారంతో కలిపి నాలుగయ్యేసరికి గీత రాదు, అన్నీ ఒకే వరసలో పడిపోతాయి. ఆ మూడింటినీ 'ఎంరో' (ఎం, ఆర్, ఓ, డబ్ల్యూ) ట్యాగ్‌లో చుడితే ఒకటిగా లెక్క. ప్లస్ గుర్తుకి 'ఎంఓ' వాడాలి.

మ్యాథ్‌ఎంఎల్ 1998లోనే వచ్చినా, క్రోమ్‌లో నిలకడగా పనిచేస్తున్నది 2023 జనవరి నాటి 109వ వెర్షన్ నుంచే. పిల్లల చేతిలో ఉండేవి ఇంట్లో పాత ఫోన్లు కదా. అప్‌డేట్ కాని క్రోమ్‌లో మీ రెండున్నర 212లా కనిపిస్తుంది, అది 21/2 కన్నా ప్రమాదం. అందుకే అలాంటి ఫోన్ ఒకటి తీసుకుని తప్పకుండా చూడండి. తేడా వస్తే మ్యాథ్‌జాక్స్ అనే ఉచిత లైబ్రరీని (ముందే రాసిపెట్టిన కోడ్‌ని) పేజీకి జోడించండి.

ప్రశ్న: రాజోలు నుంచి రాస్తున్నాను. నా వంటల పేజీలో ముప్పావు కప్పు, అర చెంచా రాయడానికి కూడా ఇదంతా కావాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. ½, ¼, ¾ విడి అక్షరాలుగానే ఉన్నాయి. ఫోన్ కీబోర్డులో 1 అంకెని నొక్కి పట్టుకోండి, చాలా కీబోర్డుల్లో ½ కనిపిస్తుంది. ¾ కోసం 3 నొక్కి పట్టుకోండి.