లైనక్స్‌లో ప్రోగ్రాము ఏ యూజరుగా నడవాలో మార్చే సెట్‌యూఐడీ (setuid) పిలిస్తే, ఆ ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనిపాయలు, అంటే థ్రెడ్లన్నిటికీ వర్తిస్తుందా?

లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ లెక్కలో వర్తించదు. పిలిచిన థ్రెడ్ ఒక్కటే మారుతుంది. ఇది నేను శ్రీకాకుళం దగ్గర ఒక రైస్ మిల్లు కాటా గదిలో, ధాన్యం దుమ్ముకు తుమ్ముతూ నేర్చుకున్నాను.

2019 సంగతి. లారీ తూకం చదివి, చీటీ రాసి, బ్రౌజర్‌లో చూపించే ప్రోగ్రాము గో భాషలో రాసిచ్చాను. బ్రౌజర్లు తట్టే 80వ పోర్టు తెరవడం కోసం సర్వాధికారాలున్న రూట్ యూజరుగా మొదలై, అది తెరిచాక మామూలు యూజరుగా మారాలి. అప్పట్లో గోలోని సెట్‌యూఐడీ ఫంక్షన్ లైనక్స్‌లో కుదరదని తిప్పి పంపేది. నేను తెలివి ప్రదర్శించి కెర్నల్‌నే నేరుగా పిలిచాను. పని అయిందనుకుని విజయనగరం బస్సెక్కేశాను.

మర్నాడే గుమస్తాగారి ఫోను. "బాబూ, కొన్ని చీటీలు తెరుచుకుంటున్నాయి, కొన్ని మొరాయిస్తున్నాయి. మీ కంప్యూటర్‌కు నా మీద ఏమైనా కోపమా?"

వెళ్లి చూస్తే ఒకే ఫోల్డరులో ఒక చీటీ రూట్ పేరు మీద, దాని పక్కది మామూలు యూజరు పేరు మీద ఉన్నాయి. నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలుండే ప్రోక్‌లో (/proc) ఆ ప్రోగ్రాము తాలూకు టాస్క్ ఫోల్డరు తెరిచి, ఒక్కో థ్రెడ్ స్టేటస్ ఫైలులో యూఐడీ (యూజరు నంబరు) వరుస చదివాను. ఒకదానిలో నాలుగు 1000లు, అంటే మామూలు యూజరు. మిగతా వాటిలో నాలుగేసి సున్నాలు. అంటే అవన్నీ ఇంకా రూట్‌గానే తిరుగుతున్నాయి! పైగా కొత్తగా పుట్టే థ్రెడ్‌కు తనను పుట్టించిన థ్రెడ్ హోదాయే వస్తుంది.

మిల్లులో అంతకుముందు వచ్చిన ఒక 'నిపుణుడు' ఫోల్డరుకు 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, పెట్టేయమన్నాడట. తాళం బిగుసుకుంటే తలుపే పీకేసే వైద్యం ఇది. ప్రతి ఊరికీ ఇలాంటివాడు ఒకడుంటాడు.

సీ భాషలో రాసేవారికి ఈ బాధ తెలియదు. సీ ప్రోగ్రాములు వాడే జీలిబ్‌సీ లైబ్రరీ ఇంటింటికీ దండోరా వేసినట్టు ప్రతి థ్రెడ్‌కూ ఒక సిగ్నల్ పంపి, అదే కాల్‌ను దానితోనూ చేయిస్తుంది. ఫలితాలు ఒకేలా రాకపోతే ప్రోగ్రామునే ఆపేస్తుంది. కానీ ఆ దండోరా సెట్‌యూఐడీ కుటుంబానికే. థ్రెడ్ హక్కుల్లాంటివి మార్చే క్యాప్‌సెట్, పీఆర్‌సీటీఎల్ కాల్స్ వంటివాటికి అదే దండోరా వేసే లిబ్‌పీఎస్‌ఎక్స్ లైబ్రరీ తెచ్చుకోవాలి. గోలో 2021లో వచ్చిన 1.16 నుంచి సెట్‌యూఐడీ సరిగ్గా పనిచేస్తోంది, ఇతర కాల్స్‌ను అన్ని థ్రెడ్లతోనూ చేయించడానికి ఆల్‌థ్రెడ్స్‌సిస్‌కాల్ ఫంక్షన్ ఉంది. గోలో సీ కోడ్‌ను చేర్చే సీగో కలిపితే ఈ ఆల్‌థ్రెడ్స్‌సిస్‌కాల్ పనిచేయదు, మళ్లీ లిబ్‌పీఎస్‌ఎక్సే దిక్కు.

నన్నడిగితే అసలు రూట్‌గా మొదలుపెట్టడమే తప్పు. ఇప్పుడు ఆ ప్రోగ్రాము మొదటినుంచీ మామూలు యూజరే. 80వ పోర్టు తెరిచే హక్కు ఒక్కటి, ప్రోగ్రాము ఫైలుకు హక్కులిచ్చే సెట్‌క్యాప్ కమాండ్‌తో ఇచ్చాను. కంపైల్ చేసి కొత్త ఫైలు పెట్టినప్పుడల్లా మళ్లీ ఇవ్వాలి. రెండుసార్లు మర్చిపోయాను, రెండుసార్లూ గుమస్తాగారే ఫోను చేశారు.