పింగ్యావ్‌కి చలికాలంలోనే వెళ్ళండి

ప్రశ్న: మేడమ్, సింగపూర్‌లో నాతో పనిచేసే చైనా అమ్మాయి జనవరిలో వాళ్ళ ఊరు పింగ్యావ్‌కి రమ్మంటోంది. వాళ్ళింట్లోనే ఉండాలట. నేను శాకాహారిని, చలి అసలు అలవాటు లేదు. గుంటూరులో అమ్మకు ఒకటే టెన్షన్. వెళ్ళమంటారా? ఏం తీసుకెళ్ళాలి? (ఓ పాఠకురాలు)

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. నేనూ ఒక డిసెంబరులో మా సహోద్యోగి పుట్టింటికని ఆ ఊరే వెళ్ళాను. ఎండాకాలం వెళ్తే పర్యాటకుల మధ్య దారి వెతుక్కోవడమే సరిపోతుంది. చలికాలమైతే ఇంటివాళ్ళు ఇంట్లోనే ఉంటారు, మీరూ వాళ్ళతోనే ఉంటారు.

రాత్రిళ్ళు సున్నాకు పది డిగ్రీలు కిందికి పోవడం మామూలే. పైగా పొడి చలి, పెదాలు పగిలిపోతాయి. వేజలీన్ మరిచిపోవద్దు. ఒక్క లావు కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. ఇళ్ళలో 'కాంగ్' అని ఇటుకల అరుగు ఉంటుంది. పొయ్యి పొగ దాని కిందుగా పోయి అరుగంతా వేడెక్కుతుంది. ఇప్పుడు చాలా ఇళ్ళలో హీటర్లు వచ్చేశాయి గానీ, మా స్నేహితురాలి అమ్మమ్మ దానిమీద నుంచి దిగేదే కాదు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని, నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంటల తరబడి కబుర్లు చెప్పింది.

తిండికి భయం లేదు. ఓట్స్ పిండి ముద్దను నున్నటి రాతిమీద అరచేత్తో పల్చగా నెట్టి, వేలికి చుట్టి, గొట్టాల్లా నిలబెట్టి ఆవిరిమీద ఉడికిస్తారు. దాని పేరు కావోలావోలావో. టమాటా పులుసు, షాన్‌షీ (పింగ్యావ్ ఉన్న రాష్ట్రం) వెనిగర్‌తో నాకు ఎంతో నచ్చింది. మాంసం ఎముకల రసం కూడా వద్దని మాత్రం ముందే స్నేహితురాలితో చెప్పించండి. 'మాంసం వద్దు' అంటే ముక్కలు తీసేసి రసం పోసేవాళ్ళు ఉంటారు.

ఊరు చూడాలంటే పొద్దున్నే కోటగోడ ఎక్కండి. 1370లో కట్టిన గోడ, చుట్టుకొలత ఆరు కిలోమీటర్ల పైనే. లోపల ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. 1997లో యునెస్కో జాబితాలో చేర్చారు. రిషెంగ్‌చాంగ్ కొట్టు తప్పక చూడండి. రంగుల వ్యాపారం చేసే ఇంటివాళ్ళు 1823లో మొదలుపెట్టిన డ్రాఫ్టుల బ్యాంకు అది. వెండి మోసుకెళ్ళే పని లేకుండా, ఇక్కడ కట్టి కాగితం తీసుకుంటే మరో ఊళ్ళో సొమ్ము చేతికొచ్చేది. మన షావుకార్ల హుండీ లాంటిదే. దొంగ కాగితాలు రాకుండా తేదీలను, మొత్తాలను సంకేతాక్షరాల్లో రాసేవారు.

కానుకగా అరకు కాఫీ, వాళ్ళమ్మగారికి ఎర్రటి మంగళగిరి దుపట్టా తీసుకెళ్ళండి. తెలుపు వద్దు. గడియారం అసలు వద్దు, అశుభమంటారు. రెండు చేతులతో ఇవ్వండి. మీ ఎదుట విప్పి చూడకపోతే నొచ్చుకోకండి, అక్కడి మర్యాద అంతే.

వీసా పని ఇప్పుడే మొదలుపెట్టండి. చైనా కొత్త సంవత్సరం ఏ తేదీన వస్తోందో చూసుకోండి, ఆ ముందు వారాల్లో రైలు టికెట్లు దొరకడం కష్టం. హోటల్లో కాకుండా ఇంట్లో దిగుతున్నారు కాబట్టి 24 గంటల్లోపు స్థానిక పోలీసు స్టేషన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఈ సంగతి స్నేహితురాలికి ముందే గుర్తుచేయండి.