బుజ్జీ, పిల్లలకు ‘రేపు’ అని ఊరికే అనకు

బుజ్జీ,

విశాఖలో పెదజాలరిపేట దగ్గర బడిలో నీకు రెండో తరగతి ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిల్లలకు ఓపిక, ముందుచూపు నేర్పుతానన్నావట. ఎంత గర్వంగా ఉందో, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గొంతు పెంచకు. ‘వచ్చే నెల’ అంటే ఆ వయసుకు అందదు, క్యాలెండర్‌లో రోజుకో గడి కొట్టించు. విత్తనాలు వేయిస్తే మామిడి టెంకతో మొదలుపెట్టకు, మెంతులు చల్లించు, నాలుగు రోజుల్లో మొలకలు కనబడతాయి.

ఇక అసలు సంగతి. నేను కొత్తగా చేరిన ఏడాది పిల్లల పలకల మీద తలో పల్లీ చెక్కీ పెట్టి, బెల్లు కొట్టేదాకా ముట్టనివాళ్ళకు ఇంకోటి ఇస్తానన్నాను. ఒక పిల్లాడు ఎక్కడ చెయ్యి వెళ్ళిపోతుందోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. బెల్లయ్యేసరికి నన్ను ఆఫీసు రూముకి పిలిచారు, వచ్చి ‘రేపిస్తాలే’ అన్నాను. మర్నాడు మర్చిపోయాను, ఆ మర్నాడూ అంతే. వారం పోయాక రంగు పెన్సిళ్ళు పంచుతూ ఆగమంటే వాడే ముందు లాక్కున్నాడు. అందరి ముందూ ‘నీకు ఓపికే లేదురా’ అని తిట్టాను. వాడు నేల చూస్తూ, ‘రేపన్నారు, మరి ఇచ్చారేటి టీచర్?’ అన్నాడు. ఆ చెక్కీ నేనింక ఇవ్వలేకపోయాను తల్లీ, వాళ్ళ నాన్నకు పని మారి ఊరు వెళ్ళిపోయారు.

అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇదే పరీక్షించి 2013లో అచ్చువేశారు. ముందుగా మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు రెండో మిఠాయి కోసం సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పినవాళ్ళ దగ్గర 3 నిమిషాలే. అది చదివిన రోజు వాడే గుర్తొచ్చాడు.

పైగా జాలరి ఇళ్ళ నుంచి వచ్చే నీ తరగతి పిల్లలకు ముందుచూపు తెలీదనుకోకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకెళ్ళవు. ఎందుకని అడిగి చూడు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వాళ్ళే చెబుతారు. ఇంట్లో ఆ రెండు నెలలూ ఎలా గడిచాయో కూడా చెబుతారు, మధ్యలో ఆపకుండా విను.

అన్నట్టు, సముద్రం పక్కనే కదా అని పిల్లల్ని ఒక్కదానివే బీచ్‌కి తీసుకెళ్ళేవు, నా మీద ఒట్టు. టిఫిన్ మానకు, నీ ఒంట్లో రక్తమే లేదు. ఆదివారం రా, పూర్ణామార్కెట్లో మెంతులు కొని పొట్లం కట్టి ఉంచుతాను.

మీ పెద్దమ్మ