నూనె టిన్ను మీద తేదీ రాయి, పాపా

అనంతపురం

పాపా,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్‌లో అయితే నాలుగు ముక్కలతో తేలిపోతుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. "మాఘంలో మరిది పెళ్లి, ఈ రెండు నెలల్లో 15 కిలోలు తగ్గాలి, నువ్వేం చేశావో చెప్పు పెద్దమ్మా" అన్నావు. నేను తగ్గింది 9 కిలోలు. పట్టింది 14 నెలలు. మొహం ముడుచుకోకుండా ముందు లెక్క చూడు.

ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తక్కువ పడాలి. 15 కిలోలకు లక్షా పదిహేను వేలు దాటుతుంది. 60 రోజులకు పంచితే రోజుకు 1,900 పైమాటే. బ్యాంకులో కుర్చీలో కూర్చుని పనిచేసే నీకు రోజు మొత్తానికి కావలసిందే అంత ఉండదు. అంటే రెండు నెలలు నోరు కట్టేసుకున్నా ఆ లెక్క తేలదన్నమాట. వారానికి అర కిలో తగ్గితే చాలా బాగా తగ్గినట్టు. పెళ్లి నాటికి మూడు, నాలుగు కిలోలు అనుకో. నీ 78 కిలోల్లో నాలుగంటే 5 శాతం. ఆ మాత్రం తగ్గినా షుగరు, బీపీ ఉన్నవాళ్లకు తేడా తెలుస్తుంది. పెళ్లి ఫోటోల్లో తెలియకపోవచ్చు, అది వేరే సంగతి.

నేనూ నీలాగే తొందరపడ్డదాన్నే. షుగరు బార్డర్‌లో ఉందన్న ఏడాది బరువు తగ్గించే ఒక సెంటర్‌లో చేరి, పొద్దునా రాత్రీ అన్నం బదులు డబ్బా పొడి కలుపుకుని తాగాను. మొదటి వారమే రెండున్నర కిలోలు దిగింది. వీధంతా చెప్పుకున్నాను. అందులో కొవ్వు కొంచెమే, మిగతాది నీళ్లు. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ముందు ఖర్చవుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీళ్లూ దాంతోపాటే పోతాయి. మూడో నెలకు జుట్టు ఊడింది, ఊరికే మీ పెదనాయన మీద అరిచేదాన్ని. పొడి మానేసిన ఆరు నెలలకు తగ్గిందంతా తిరిగొచ్చింది, పైన ఒక కిలో కొసరు.

రెండోసారి ఏ డైటూ పెట్టుకోలేదు. నూనె టిన్ను తెచ్చిన రోజున దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాశాను. మేం ముగ్గురం. 5 లీటర్ల శెనక్కాయ నూనె సరిగ్గా 30 రోజులకు అడుగంటింది. మనిషికి రోజుకు 55 మిల్లీలీటర్లు! డాక్టర్లు చెప్పేదానికి ఇది దాదాపు రెట్టింపు. నూనె గ్రాముకు 9 కేలరీలు, అన్నంలోని పిండిపదార్థానికి 4. కూరలో కనిపించకుండా, కడుపు నింపకుండా, రోజుకు 450 కేలరీలు లోపలికి పోతున్నాయి.

అప్పటినుంచి పోపుకు టిన్ను వంచడం మాని చెంచాతో కొలిచి పోస్తున్నాను. గుత్తివంకాయ నూనెలో తేలాలన్న పట్టు వదిలేశాను. కాయలను ముందు ఆవిరి మీద మెత్తబడనిచ్చి తర్వాత మసాలాలో వేస్తే మూడు చెంచాలతో అయిపోతుంది. మొదటి వారం మీ పెదనాయన "ఇది కూరా, పథ్యమా?" అన్నారు. మూడో వారానికి మాట్లాడకుండా తిన్నారు. ఇప్పుడు అదే టిన్ను 55 రోజులు వస్తోంది.

శెనక్కాయలు మానమని నేను చెప్పను. శెనక్కాయలతో నూరే ఊరిబిండి పచ్చడి లేకుండా ఈ జిల్లాలో ఎవరు బతుకుతారు? కానీ 100 గ్రాముల గింజల్లో 560 కేలరీల పైన ఉంటాయి. టీవీ ముందు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చెయ్యి ఆగదు. గుప్పెడు గిన్నెలో వేసుకుని, డబ్బా లోపల పెట్టేసి వచ్చి కూర్చో.

ఇక సంగటి. అన్నం మాని రాగిసంగటి తింటే సన్నబడతారని నీకెవరో చెప్పారట. రాగుల్లో కాల్షియం బియ్యంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు, పీచు కూడా ఎక్కువే, అందుకు తిను. కేలరీల్లో మాత్రం రాగిపిండికీ బియ్యానికీ పెద్ద తేడా లేదు, పైగా సంగటిలో బియ్యమూ పడుతుంది కదా. మా అవ్వ పొద్దున్నే రెండు ముద్దలు తిని సాయంత్రం దాకా చేలో కలుపు తీసేది. మనం రెండు ముద్దలు తిని ఏసీలో కూర్చుంటాం. ముద్ద సైజు తగ్గించి పక్కన ఆకుకూర పప్పు పెంచు. కొర్రలైనా, జొన్నరొట్టె అయినా ఇదే మాట. పప్పు, గుడ్డు, పెరుగు, వీటిలో ఒకటి ప్రతి పూటా ఉండేలా చూసుకో, సాయంత్రం నాలుగింటికి బ్యాంకులో సమోసా వైపు చెయ్యి పోదు.

ఉగ్గాణి గురించి అడిగావు. బొరుగులతో పేచీ లేదు. పేచీ అంతా పక్కన పెట్టే మిరపకాయ బజ్జీలతోనే. మా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ వాకింగ్ బ్యాచ్‌ను చూడాలి నువ్వు: ముప్పావుగంట చెమటలు కక్కుతూ నడిచి, తిన్నగా బండి దగ్గరికి పోయి ప్లేటు ఉగ్గాణి, నాలుగు బజ్జీలు! నడిచిందంతా రెండో బజ్జీకే చెల్లు. నడక మానమని కాదు. నడిస్తే షుగరు అదుపులో ఉంటుంది, నిద్ర పడుతుంది. బరువు తగ్గేది మాత్రం చాలావరకు కంచం దగ్గరే.

ఇంకొకటి, ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. నేను లావెక్కింది నా కంచంలోది తిని కాదు, గిన్నెల్లో మిగిలింది తిని. అందరి భోజనాలయ్యాక రెండు పిడికిళ్ల అన్నం, గరిటెడు పప్పు మిగిలితే పారేయబుద్ధి కాక అక్కడే నిలబడి కలుపుకుని తినేదాన్ని. ఇప్పుడు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాను. నువ్వూ ఒక వారం గమనించుకో.

బరువు రోజూ చూసుకోకు. ఆదివారం పొద్దున, ఏమీ తినకముందు, ఒక్కసారి చాలు. పెళ్లిభోజనంలో ఆవకాయ, అప్పడాలు తిన్న మర్నాడు కిలో పెరిగినట్టు చూపిస్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, రెండు రోజుల్లో పోతుంది. నాకు ఐదో నెల నుంచి మిషను ముల్లు ఆరు వారాలు కదల్లేదు, కానీ జాకెట్లు వదులయ్యాయి. అందుకే టేపుతో నడుం కూడా కొలుచుకో. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది ఇప్పటికీ 86.

మొదలుపెట్టేముందు థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకో. నెలసరి సరిగా రావడం లేదన్నావు, అది డాక్టరుకు చెప్పాల్సిన మాట, నాకు కాదు.

మీ అత్త వంటింట్లో నీకు వేరే వంట పెట్టుకోకు, గొడవలొస్తాయి. నూనె తగ్గిద్దామని చెప్పేటప్పుడు నీ బరువు ఊసెత్తకు. మామయ్య బీపీ కోసమని చెప్పు, ఆమె నీకంటే గట్టిగా కొలుస్తుంది.

ఒకటో తారీఖు కర్నూలులో సరుకులు తెచ్చుకుంటారు కదా. టిన్ను మీద తేదీ రాసి ఫోటో పంపు. అది ఖాళీ అయిన రోజు ఫోన్ చెయ్యి. ఎన్ని రోజులు వచ్చిందో అడుగుతాను, బరువెంతో అడగను.

మీ పెద్దమ్మ