వాడని ఐటెమ్‌లని మనం పేరు పెట్టినవి నిజానికి పనిలోనే ఉన్నాయి

వింత జీవులను పట్టి జట్టు కట్టే పాత పోకెమాన్ గేముల్లో ‘?????’ అనే పేరుతో ఎవరూ వాడని ఐటెమ్‌లు, మిస్సింగ్‌నో (కోడ్ పొరపాటు వల్ల ఎదురయ్యే చెదిరిన పోకెమాన్) వంటి గ్లిచ్‌లు ఎందుకు మిగిలిపోయాయి, అది తయారుచేసినవారి నిర్లక్ష్యం కాదా అని మీరు అడిగారు. కాదనే నా గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయానికి రావడానికి ముందు, చిన్నతనంలో ఒకసారి మా పెదనాన్నగారి అబ్బాయి గేమును పాడుచేశాను.

అన్నయ్య దగ్గర పోకెమాన్ రెడ్ కార్ట్రిడ్జ్ ఉండేది. తాను అప్పటికే గేము పూర్తిచేసి, తన జట్టును, గెలిచిన జట్లను దాచిపెట్టే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నాడు. నాకు రెండు రోజులకు ఇస్తూ, “మిస్సింగ్‌నో జోలికి మాత్రం వెళ్లకురా, సేవ్ మొత్తం పోతుంది” అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వద్దన్నాక ఆగే వయసు కాదు నాది. పోకెమాన్‌ను ఒక లెవెల్ పెంచే రేర్ క్యాండీ బ్యాగులో ఒక్కటే మిగిలితే, దాన్ని సెలెక్ట్ బటన్‌తో ఆరో స్థానానికి మార్చాను. విరిడియన్ పట్టణంలోని ముసలాయన పోకెమాన్‌ను ఎలా పట్టాలో చూపించేదాకా నిలబడి, అక్కడి నుంచి సిన్నబార్ దీవికి ఎగిరి వెళ్లి, దీవి తూర్పు ఒడ్డు వెంబడే నీటిపై పైకీ కిందికీ తిరుగుతూ ఉన్నాను. కాసేపటికి తెర మీదికి ఒక పోకెమాన్ వచ్చింది, కానీ దానికి ముఖమూ కాళ్లూ ఏవీ లేవు. చెదిరిపోయిన చుక్కలన్నీ కలిసి నిలువుగా లేచిన ఒక దిమ్మె అది. దాని లెవెల్ 136 అని చూపించింది. లెవెల్ 100 దాటదని అన్నయ్యే చెప్పి ఉండటంతో నాకు గుండె ఆగినంత పనైంది. వెంటనే పారిపోయి బ్యాగు తెరిస్తే, రేర్ క్యాండీ పక్కన ఒక అర్థంకాని మరకా, దాని తరువాత 9 అంకే కనిపించాయి. అవి 129 క్యాండీలని వాడుతూ పోయాకే తెలిసింది. ఆ సంతోషం హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచేదాకానే నిలిచింది: అన్నయ్య జట్టు ఉండవలసిన చోట పిచ్చి గీతలు, పిచ్చి పేర్లు.

ఏం జరిగిందో చాలా ఏళ్ల తరువాత, ఆ గేము కోడ్‌ను విడదీసి రాసినవారి పని చదివాక అర్థమైంది. ముసలాయన పట్టి చూపించేటప్పుడు తెర మీద ఆయన పేరు రావాలి కాబట్టి, ఆటగాడి పేరును గేము తాత్కాలికంగా వేరేచోట దాస్తుంది. ఆ దాచే చోటు, గడ్డిలో ఎదురయ్యే పోకెమాన్‌ల జాబితా ఉండే మెమరీ. సిన్నబార్‌లో గడ్డి లేదు కనుక ఆ జాబితా మారదు; కానీ తూర్పు ఒడ్డు పలకలు పొరపాటున దానినే చదువుతాయి. అందువల్ల పేరులోని ఒక అక్షరం లెవెల్‌గా, దాని తరువాతిది పోకెమాన్‌గా మారిపోతాయి. ఆ గేములో పెద్ద ‘ఏ’ అక్షరం విలువ 128. అన్నయ్య పేరు ఇంగ్లిషులో నాలుగక్షరాలది, చివరిది పెద్ద ‘ఐ’. దాని విలువ 136. పేరు ముగిసిందని చెప్పే గుర్తు విలువ 80. పోకెమాన్ జాబితాలో 190 స్థానాలుంటే నిండినవి 151 మాత్రమే, మిగిలిన 39 ఖాళీల్లో 80వది ఒకటి. అంటే నేను చూసిన భూతం అన్నయ్య పేరు చివరి చుక్కే. ఇక క్యాండీల విషయం: ఆ ఖాళీకి పోకెడెక్స్ (చూసిన, పట్టిన పోకెమాన్‌ల చిట్టా) సంఖ్య సున్నా. సున్నాను ‘చూశాను’ అని గుర్తు పెట్టబోయి, గేము తన జాబితా హద్దు దాటి, ఆరో ఐటెమ్ లెక్కలోని పై బిట్‌ను వెలిగిస్తుంది. ఆ బిట్ విలువ 128. కుదించి దాచిన ఆ పోకెమాన్ బొమ్మను విప్పేటప్పుడు అది పట్టక పొంగిపోయి, పక్కనే ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ మీద పడుతుంది. అసలు సేవ్ మెమరీలోని మరో బ్యాంకులో, అంటే మరో విభాగంలో, ఉంటుంది కనుక అది చెక్కుచెదరలేదు. అన్నయ్య హెచ్చరిక సగమే నిజం.

ఇప్పుడు మీ ‘?????’ దగ్గరకు వస్తాను. జాబితాలో ఏడో సంఖ్య మీద కూర్చున్న ఆ ఐటెమ్ మామూలుగా ఆడితే ఎప్పటికీ చేతికి రాదు కాబట్టి అందరూ దాన్ని చెత్త కింద జమకడతారు. కానీ మీరు సర్ఫ్ (నీటిపై వెళ్లనిచ్చే విద్య) వాడి నీటి మీదికి దిగిన ప్రతిసారీ గేము లోపల పిలిచేది ఆ ఐటెమ్‌నే. సర్ఫ్ పని అంతా చేసేది అదే. అలాగే పోకెమాన్‌లను ఎర, రాళ్ల సాయంతో పట్టే సఫారీ జోన్‌లో మీరు ఎర వేస్తే పనిచేసేది బౌల్డర్‌బ్యాడ్జ్ అనే గెలుపు పతకం పేరున్న ఐటెమ్, రాయి విసిరితే క్యాస్కేడ్‌బ్యాడ్జ్ పేరున్నది. గేమ్ బాయ్‌లో పని మెమరీ 8 కిలోబైట్లే. అంత ఇరుకింట్లో ఒక తలుపు వెనుక రెండు పనులు నడపడాన్ని నిర్లక్ష్యమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. మ్యూ అనే పోకెమాన్ కూడా అలా వచ్చినదే: చివర్లో పరీక్షల కోసం పెట్టిన కోడ్ తీసేశాక మిగిలిన 300 బైట్ల చోటులో గేము ప్రోగ్రామర్ షిగెకి మొరిమొటో దాన్ని ఇరికించారు.

నిజంగా ఖాళీగా వదిలినవీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. 1999లో జపాన్‌లో వచ్చిన గోల్డ్, సిల్వర్ గేముల ఐటెమ్ జాబితా ఖాళీల్లో ‘టెరు-సామ’ అనే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మన మాటలో ‘టెరు గారు’ అన్నమాట. ఇంగ్లిషులోకి మార్చినవారు ఆ గారిని కదిలించకుండా అలాగే ఉంచేశారు. దీనిని శాపగ్రస్త ఐటెమ్ అంటూ వణికే గొంతుతో వీడియోలు చేసేవారిని చూస్తే నాకు చిరాకు. ఖాళీ గది తలుపుకు ఎవరో తగిలించిన పేరు పలకకు దెయ్యాన్ని అంటగట్టడం ఎందుకు?

కార్ట్రిడ్జ్‌ను అన్నయ్యకు తిరిగి ఇచ్చేటప్పుడు నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రమే వచ్చి, “హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఏమైందిరా?” అని అడిగాడు. “ఏమో అన్నయ్యా, నేను దాని జోలికే పోలేదు” అన్నాను. బ్యాగు తెరిచి, ఆరో స్థానంలో ఇంకా మిగిలి ఉన్న క్యాండీల కుప్పను నాకు చూపించాడు.