విన్నది రాయాలా, అర్థమైనది రాయాలా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో స్పీచ్ థెరపీ చదువుతున్నాను. పక్షవాతం తర్వాత అఫేసియా (మెదడు దెబ్బతిని మాటలు సరిగా అందని స్థితి) వచ్చిన ఒక తాతగారు తమ కోడలితో మాట్లాడుతుండగా, వారి అనుమతితో ఐదు నిమిషాల వీడియో తీసి, దాన్ని రాతలో పెట్టాను. ఒకచోట ఆమె ‘ఏటి కావాల మావయ్యా?’ అని అడిగితే, ఆయన చాలాసేపు ఆగి, ‘అదీ, అదీ’ అన్నారు. ‘మంచినీళ్లా?’ అని ఆమె అంటే ‘ఆఁ’ అన్నారు. నేను ‘తాత: నీళ్లు కావాలి’ అని రాశాను. ‘సారాంశం రాశావు, సంభాషణ రాయలేదు’ అని మా మేడమ్ తిప్పి పంపారు. ఎలా రాయాలి?
— ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ‘నీళ్లు’ అన్న మాట తాతగారి నోట రానేలేదు, దాన్ని అందించింది కోడలు. ఆయన మాట కోసం వెతుక్కోవడం, ఆమె కాసేపు ఆగి ఊహించి అందించడం, ఆయన ఒప్పుకోవడం అనే మూడు పనులూ మీ ఒక్క వాక్యంలో మాయమయ్యాయి. విశ్లేషించవలసినవి అవే. సంభాషణల పరిశోధకురాలు గెయిల్ జెఫర్సన్ రూపొందించిన గుర్తులతో ఆ చోటు ఇలా ఉంటుంది:

కోడలు: ఏటి కావాల మావయ్యా?
(2.3)
తాత: అదీ:: (1.4) అదీ
కోడలు: మంచినీళ్లా?
తాత: ఆఁ

అంకెలు మౌనాన్ని సెకన్లలో చూపుతాయి. ఇక్కడివి నమూనాకు వేసినవి. మీరు ఎలాన్ లేదా ప్రాట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలిచి వేయండి. కోలన్లు సాగదీతకు గుర్తు. తెలుగు లిపిలో ఒక్క కోలన్ విసర్గలా కనిపించి చదివేవారిని తికమక పెడుతుంది కనుక, గుర్తుల వివరణను పేజీ మొదట్లోనే ఇవ్వండి.

మొదటి మౌనాన్ని ఎవరి పేరు కిందా వేయకుండా విడి వరుసలో ఉంచడానికి కారణం ఉంది. ఒకరి ప్రశ్నకు మరొకరి జవాబు మొదలవడానికి సగటున సెకనులో ఐదో వంతు పడుతుందని, 10 భాషలను పోల్చి 2009లో వెలువరించిన అధ్యయనం చూపింది. ఆ పదింటిలో తెలుగు లేకపోయినా, రెండు సెకన్లు దాటిన నిశ్శబ్దం మనకూ బరువుగానే తోస్తుంది. అంతసేపూ కోడలు అడ్డుపడకుండా ఓర్చుకుంది. ఆ మౌనంలో ఆమె పాత్ర కూడా ఉంది.

‘ఏటి కావాల’ను ‘ఏమి కావాలి’ అని దిద్దకండి. ఉత్తరాంధ్రలో చేపను ‘సేప’ అనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దాన్ని ఉచ్చారణ దోషంగా లెక్కిస్తే రోగికి లేని జబ్బును అంటగట్టినట్టవుతుంది. ఇంట్లో మిగతావారు ఎలా పలుకుతారో, పక్షవాతానికి ముందు ఆయన ఎలా పలికేవారో తెలుసుకున్నాకే నిర్ణయానికి రండి.

ఇక ఆ ‘ఆఁ’ సంగతి. అది నిజమైన ఒప్పుకోలా, విసిగి అన్నదా అని మీరు ఊహించనక్కరలేదు. తర్వాత జరిగినది చూడండి. గ్లాసు అందుకుని తాగితే కోడలి ఊహ సరైనదనవచ్చు. గ్లాసును పక్కకు నెట్టి మళ్లీ ‘అదీ’ అంటే వెతుకులాట ఇంకా ముగియలేదు, ఆమె మాట అందించడంలో తొందరపడి ఉండవచ్చు. కోడలికి ఏ సలహా ఇవ్వాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. అందుచేత ఐదు నిమిషాలూ ఒకేసారి తిరగరాయకుండా, ఇటువంటి నలభై సెకన్లను ఎంచుకుని, చూపునూ చేతి కదలికలనూ వేరే వరుసలో చేర్చి, ముందు అదే మీ మేడమ్‌కు చూపించండి.